ఒకే రంగు, ఒక జ్యూరీ, మధ్యలో నా స్క్రిప్టు

2020 లాక్‌డౌన్లో అందరూ ఏదో ఒకటి మొదలెట్టారు కదా. కొందరు బ్రెడ్డు చెయ్యడం నేర్చుకున్నారు, కొందరు మిద్దె మీద ఆకుకూరలు పెంచారు. మా స్నేహితుల గుంపు మాత్రం బొమ్మల ప్రదర్శన పెట్టింది, అదీ ఆన్‌లైన్లో. షరతు ఒక్కటే: అన్ని బొమ్మలూ నీలం రంగు చుట్టూ ఉండాలి. వచ్చినవాటిలోంచి ముగ్గురు జ్యూరీ కూర్చుని నలభై ఎంపిక చేస్తారు. నాకు బొమ్మలేమీ రావు. కాబట్టి వెబ్‌సైటు పని నా నెత్తిన పడింది.

అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చిపడ్డాయి. కొంతమంది థీమూ గీమూ చూడకుండా చేతిలో ఉన్న బొమ్మ పంపించేశారు: వినాయకుడు, తాజ్‌మహల్, మనవరాలి ఫొటో! జ్యూరీ వాళ్ళ టైము వృథా కాకూడదని నేనొక చిన్న స్క్రిప్టు రాశాను. బొమ్మలోని పిక్సెళ్ళన్నీ చదివి, అందులో సగానికి పైగా నీలం లేకపోతే "మీ ఎంట్రీ థీముకి సరిపోలేదు, ధన్యవాదాలు" అని దానంతటదే మెయిలు కొట్టేస్తుంది. నలభై లైన్ల పైథాన్. రాసి, టెస్టు చేసి, గర్వంగా పడుకున్నాను.

రెండు రోజుల తర్వాత ఒక ఫోను. అవతల అరవై దాటిన ఆవిడ గొంతు. బట్టలకి అద్దకం వేస్తారట, ఎంట్రీ కొడుకు చేత పంపించారట. "బాబూ, మీరు నాది నీలం కాదన్నారటగా?" అన్నారు. నేను సిస్టంలో తీసి చూశాను. నాలుగు ఫొటోలు వరసగా కలిపిన బొమ్మ. మొదటి మూడింట్లో ఒక తడి గుడ్డ, పసుపు కలిసిన ఆకుపచ్చలో ఉంది. చివరిదాంట్లో మాత్రమే నీలంగా ఉంది. "అమ్మా, ఇందులో ఎక్కువ భాగం ఆకుపచ్చే కదండీ" అన్నాను, నా స్క్రిప్టు తరఫున.

"అది నీలమే బాబూ, ఇంకా కాలేదంతే" అన్నారావిడ.

ఆ మాటకి అర్థం ఏమిటో చివర్లో చెప్తాను. ఆ ఫోను పెట్టేశాక నాకో అనుమానం పట్టుకుంది. ఒకే ఒక్క రంగుతో కళ చేసినవాళ్ళకీ, దాన్ని తూచే జ్యూరీలకీ మధ్య ఇంతకుముందు ఏం జరిగింది? చదవడం మొదలెడితే తెలిసిందేమిటంటే, నేను చేసిన తప్పు కొత్తదేమీ కాదు. నాకన్నా చాలా పెద్దవాళ్ళు నూట అరవై ఏళ్ళ కిందటే చేసిపెట్టారు.

తెల్లగౌను పిల్ల

పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో చిత్రకారుడిగా బతకాలంటే "సలోన్" అనే సర్కారీ ప్రదర్శనలో బొమ్మ వేలాడాల్సిందే. దానికొక జ్యూరీ. వాళ్ళు వద్దంటే కొనేవాడు దొరకడం కష్టం. 1863లో ఈ జ్యూరీ ఎంత కఠినంగా ఉందంటే, వేల కొద్దీ బొమ్మలు వెనక్కొచ్చాయి. గోల పెరిగి పెరిగి చక్రవర్తి మూడో నెపోలియన్ దాకా వెళ్ళింది. ఆయన, సరే, తిరస్కరించినవి కూడా పక్కన వేరే ప్రదర్శనగా పెట్టండి, జనమే చూసి తేల్చుకుంటారు అన్నాడు. అదే చరిత్రలో "తిరస్కృతుల సలోన్"గా మిగిలింది. మానే వేసిన "గడ్డి మీద భోజనం" అక్కడే వేలాడింది.

అక్కడే ఇంకో బొమ్మ కూడా ఉంది. అమెరికా నుంచి వచ్చిన విజ్లర్ వేసిన "తెల్లపిల్ల". తెల్లగౌను వేసుకున్న అమ్మాయి తెల్ల పరదా ముందు నిలబడి ఉంటుంది. జుట్టు ఎరుపు, కాళ్ళ కింద జంతుచర్మం. మిగతాదంతా తెలుపు మీద తెలుపే. 1862లో లండన్‌లో రాయల్ అకాడెమీ దీన్ని వద్దంది, మరుసటేడు పారిస్ జ్యూరీ కూడా వద్దంది. మొత్తానికి రెండు దేశాల్లో ఫెయిలు!

చూసినవాళ్ళ బాధ ఏమిటంటే, ఇందులో కథ ఏదీ? ఆ అమ్మాయి ఎవరు, ఎందుకలా నిలబడింది? లండన్‌లో ఇంకో గ్యాలరీ వాళ్ళు దీనికి ఏకంగా "ది ఉమన్ ఇన్ వైట్" అని పేరు పెట్టేశారు. అప్పట్లో విల్కీ కాలిన్స్ రాసిన ఆ నవలకి మంచి గిరాకీ. విజ్లర్ పత్రికకి ఉత్తరం రాశాడు: ఆ నవల నేను చదవనేలేదు, ఇది కేవలం తెల్ల పరదా ముందు తెల్ల బట్టల్లో నిలబడ్డ అమ్మాయి, అంతే అని. తర్వాత దానికి "తెలుపులో సింఫనీ, నంబరు 1" అని పేరు మార్చాడు. అంటే రంగే విషయం, ఇంకేమీ వెతక్కండి అని చెప్పడమన్నమాట. ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీలో ఉంది. దాన్ని తిరస్కరించిన జ్యూరీ సభ్యుల పేర్లు మాత్రం ఎంతమందికి గుర్తున్నాయి?

ఇలాంటి గొడవల ఫలితంగానే 1884లో పారిస్ కళాకారులు "జ్యూరీ లేదు, బహుమతులు లేవు" అనే సూత్రంతో సొంతంగా ఇండిపెండెంట్ల సలోన్ పెట్టుకున్నారు.

జోకుగా మొదలైంది

ఒకే రంగుతో మొత్తం బొమ్మ నింపెయ్యడం మొదట సీరియస్‌గా రాలేదు, నవ్వులాటగా వచ్చింది. అల్ఫోన్స్ అలే అని ఫ్రెంచి హాస్య రచయిత ఒకాయన 1883లో ఒట్టి తెల్ల అట్టముక్క తెచ్చి గోడకి పెట్టాడు. మంచు కురుస్తుండగా రక్తహీనతతో పాలిపోయిన అమ్మాయిలు చర్చికి వెళ్తున్న దృశ్యం అని దానికి శీర్షిక. 1897లో ఇలాంటివి ఏడు కలిపి ఏప్రిల్ ఫూల్ ఆల్బం వేశాడు. అందులో ఒకటి పూర్తిగా నీలం. మధ్యధరా సముద్రపు నీలాన్ని మొదటిసారి చూసి బిత్తరపోయిన కొత్త సిపాయిలట!

సరిగ్గా ఇరవై నాలుగేళ్ళకి, 1921లో మాస్కోలో "5×5=25" అనే ప్రదర్శనలో రోద్చెంకో మూడు కాన్వాసులు పెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, ఒకటి నీలం. ఇందులో జోకేమీ లేదు. బొమ్మలెయ్యడం అనే పనిని చివరికంటా తీసుకొచ్చేశాను, ఇక మిగిలిందేమీ లేదు అన్నాడు. చూడ్డానికి అలే ఆల్బంలో ఉన్నదీ ఇదీ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? బొమ్మలో లేదు, ఎందుకు చేశాడన్న దాంట్లో ఉంది. దాన్ని పిక్సెళ్ళు లెక్కపెట్టి ఎవరూ కనుక్కోలేరు.

ఒక్క చుక్క పెట్టమన్నారు

ఇప్పుడు అసలు కథకొద్దాం. 1955 పారిస్. ఈవ్ క్లైన్‌కి 27 ఏళ్ళు. అమ్మా నాన్నా ఇద్దరూ చిత్రకారులే. ఇతను మాత్రం జపాను వెళ్ళి జూడోలో నాలుగో డాన్ బ్లాక్‌బెల్టు తెచ్చుకున్నాడు. ఆ ఏడాది "రియాలితే నూవెల్" అనే సలోన్‌కి ఒక బొమ్మ పంపాడు. రెండు మీటర్ల పైన పొడవు, మొత్తం ఒకే నారింజ రంగు. గీత లేదు, చుక్క లేదు.

గమనించండి, ఇది పాతకాలపు సర్కారీ సలోన్ కాదు. అమూర్త చిత్రాల కోసమే 1946లో పుట్టిన సలోన్. మనుషులూ చెట్లూ లేని బొమ్మల్ని వాళ్ళు రోజూ చూస్తారు. అయినా వద్దన్నారు. క్లైన్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం, వాళ్ళు అతనికి కాదు, వాళ్ళమ్మ మరీ రేమోన్‌కి ఫోను చేశారు. మీవాడు దాని మీద కనీసం ఒక చిన్న గీతో, ఒక చుక్కో, పోనీ ఇంకో రంగు మరకో పెడితే తగిలిస్తాం; ఒట్టి ఒకే రంగంటే మాత్రం సరిపోదు, కుదరదు అన్నారట.

నాకీ ముక్క చదవగానే నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ జ్యూరీ అడిగింది కూడా ఒక వాలిడేషన్ రూలే: రంగుల సంఖ్య ఒకటి కన్నా ఎక్కువుండాలి! నాది తలకిందులుగా ఉంది, అంతే తేడా.

క్లైన్ చుక్క పెట్టలేదు. 1956లో ఒక గ్యాలరీలో రకరకాల రంగుల కాన్వాసులు పెట్టాడు, ఒక్కో కాన్వాసూ ఒక్కో రంగు. వచ్చినవాళ్ళు అన్నిటినీ కలిపి గోడ మీది రంగురంగుల అలంకారంలా చూసి వెళ్ళిపోయారు. దాంతో అతనికి ఒకటి అర్థమైంది. అన్నీ ఒకే రంగులో ఉంటే తప్ప జనం రంగుని చూడరు.

1957 జనవరిలో మిలాన్‌లోని అపోలినైర్ గ్యాలరీలో పదకొండు కాన్వాసులు పెట్టాడు. అన్నీ 78 సెంటీమీటర్ల ఎత్తు, 56 వెడల్పు. అన్నీ ఒకే నీలం. నాకు తెలిసినంతలో "ఒకే రంగు ప్రదర్శన" అనే మాటకి పూర్తిగా సరిపోయేది ఇదే. చూసినవాళ్ళు ఒక్కో దాని ముందూ విడిగా నిలబడి, తమకి నచ్చినదాన్ని ఏరుకున్నారనీ, ధరలు కూడా వేరువేరుగా ఇచ్చారనీ క్లైన్ తర్వాత చెప్పుకున్నాడు. ధరల సంగతి ఎలా ఉన్నా, ఒకటి మాత్రం ఖాయం. అప్పటికే పేరున్న కళాకారుడు లూచియో ఫొంటానా అక్కడ ఒకటి కొనుక్కున్నాడు.

ఆ నీలంలో ఏముంది?

క్లైన్ వాడిన పొడి ఖరీదైనదేమీ కాదు. ఒకప్పుడు ఈ అల్ట్రామెరైన్ నీలం కోసం అఫ్ఘానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి లాపిస్ రాయి తెచ్చి నూరేవాళ్ళు. ధర బంగారంతో పోటీ పడేది. 1824లో ఫ్రాన్స్‌లో ఒక సంస్థ దీన్ని చవగ్గా తయారుచేసినవాడికి 6000 ఫ్రాంకులు ఇస్తామని ప్రకటిస్తే, గిమే అనే ఆయన 1828లో ఆ బహుమతి కొట్టేశాడు. అప్పట్నుంచి అది బస్తాల్లెక్కన తయారైంది. ఎంత చవకంటే, మన అమ్మలు తెల్ల చొక్కాలకి పెట్టిన రాబిన్ బ్లూ పొడి కూడా ఆ జాతిదే. క్లైన్ కాన్వాసు మీదున్నదీ, మన ఇంట్లో బకెట్లో కలిపిందీ దాయాదులన్నమాట!

మరి కష్టం ఎక్కడ? పొడిగా ఉన్నప్పుడు ఆ నీలం కళ్ళు చెదిరేలా ఉంటుంది. నూనెలో కలిపి పూస్తే ఆ మెరుపు చచ్చిపోతుంది. క్లైన్ పట్టుకున్న సమస్య ఇదే. రంగులమ్మే ఎదువార్ అదాం సాయంతో రోడోపా అనే కృత్రిమ జిగురు వాడాడు. అది ఆరాక పొడి పొడిగానే కనిపిస్తుంది, కానీ రాలిపోదు. 1960 మే 19న ఈ తయారీని ఫ్రాన్స్‌లో "సొలో కవరు"గా 63471 నంబరుతో నమోదు చేయించాడు. చాలామంది రంగుకి పేటెంటు తీసుకున్నాడని రాస్తారు, అది తప్పు. ఈ కవరు కేవలం ఫలానా తేదీకి ఈ ఆలోచన నా దగ్గరుంది అనడానికి సాక్ష్యం. మన భాషలో చెప్పాలంటే టైంస్టాంపు ఉన్న గిట్ కమిట్ లాంటిది. 1962లో 34 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు.

అంటే క్లైన్ కనిపెట్టింది రంగు కాదు, రంగు పట్టి ఉండే పద్ధతి. ఆ నీలానికి 0, 47, 167 అని మూడు అంకెలు రాసి నెట్‌లో పంచుకుంటారు. ఆ మూడు అంకెల్లో పొడి లేదు, జిగురు లేదు, దగ్గరికెళ్తే కళ్ళు ఎక్కడ ఆనాలో తెలియని ఆ లోతు లేదు. ఏ స్క్రీనూ దాన్ని చూపించలేదు.

ఇక మన అంకెల సంగతి

నా స్క్రిప్టు నమ్ముకున్నది కూడా ఇలాంటి అంకెల్నే. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ఎస్ఆర్‌జీబీ అనే పద్ధతి ప్రతిపాదించాయి, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆనాటి పెద్ద డబ్బా మానిటర్లు ఏ రంగులు చూపించగలవో వాటిని బట్టి గీసిన సరిహద్దు అది. బయట ప్రపంచంలో ఆ సరిహద్దు దాటిన రంగులు బోలెడున్నాయి. వాటిని లాక్కొచ్చి లోపల కూర్చోబెడతాం.

పేర్ల సంగతి ఇంకా తమాషా. వెబ్ పేజీల్లో "ఇండిగో" అని ఒక రంగు పేరుంది. విలువ 75, 0, 130. తీసి చూడండి, ఎవరైనా దాన్ని వంకాయ రంగనే అంటారు. నా స్క్రిప్టులో నీలానికి నేనిచ్చిన పరిధి 190 నుంచి 260 డిగ్రీలు. ఈ ఇండిగో 275 దగ్గరుంటుంది. అంటే అధికారిక ఇండిగో వచ్చినా నా స్క్రిప్టు వెళ్ళగొట్టేది!

అసలు మన భాషలోనే చూడండి. "పచ్చ" థీముగా పెడితే ఆకుపచ్చ పంపాలా, పసుపుపచ్చ పంపాలా? కృష్ణుణ్ణి నల్లనయ్య అంటాం, క్యాలెండర్లో నీలంగా వేస్తాం, ఎవరికీ ఇబ్బంది లేదు. రంగుల మధ్య గీతలు మనుషులు ఎప్పుడూ అవసరాన్ని బట్టే గీసుకున్నారు.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. మా జ్యూరీలో ఒకాయన అన్ని ఎంట్రీలూ రాత్రి పదకొండు దాటాక ఫోనులో చూసి మార్కులు వేశాడు. ఫోనులో నైట్ మోడ్ ఆన్‌లో ఉంది. అంటే నీలం తగ్గించి చూపించే ఫిల్టరు పెట్టుకుని నీలం బొమ్మలకి మార్కులు వేశాడు! పాపం ఆయనకీ తెలీదు. మళ్ళీ వేయించాం.

ఇంకా కాలేదంతే

ఇప్పుడు ఆవిడ మాటకొద్దాం. నీలిమందు (బకెట్లో వేసేది కాదు, మొక్క నుంచి తీసేది) నీళ్ళలో కరగదు. ఆకుని నీళ్ళలో నానబెట్టి, పులియబెట్టి, ఆ నీళ్ళని బాగా చిలికితే అడుగున నీలం పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టి బిళ్ళలు చేస్తారు. ఆ బిళ్ళతో గుడ్డకి రంగు వెయ్యాలంటే మళ్ళీ సున్నం వేసిన బానలో పులియబెట్టి, దాన్ని కరిగే రూపంలోకి మార్చాలి. ఆ రూపంలో అది నీలంగా ఉండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గుడ్డ ముంచి పైకి తీస్తే ఆకుపచ్చే. గాలి తగలగానే, మన కళ్ళ ముందే, కొన్ని నిమిషాల్లో నీలమైపోతుంది. ఆవిడ ఫొటోలు తీసింది ఆ కొన్ని నిమిషాల్నే. మొత్తం ప్రదర్శనలో నీలం పుట్టడాన్ని చూపించిన ఎంట్రీ అదొక్కటే. నేను తిప్పి పంపినదీ అదే.

ఈ నీలానికి మన దగ్గర చిన్న చరిత్రేమీ లేదు. లండన్ వ్యాపారులు "కర్పా" ఇండిగో అని పిలిచిన సరుకు మన కడప పేరు మీద వచ్చిందే. దాన్ని తూచేవాళ్ళు బిళ్ళని విరిచి గోటితో గీసేవాళ్ళు. గీసినచోట రాగిలా మెరిస్తే మంచి సరుకు. చూడండి, ఇదీ ఒక జ్యూరీయే. నీలం నాణ్యం నీలంలో కాదు, గీస్తే వచ్చే ఎర్రటి మెరుపులో ఉందని వాళ్ళకి తెలుసు. నా స్క్రిప్టుకి తెలీదు.

అలాగని ఆ తూచేవాళ్ళంతా ధర్మాత్ములనుకోవద్దు. బెంగాల్లో తోటల దొరలు రైతుల చేత బలవంతంగా నీలి పండించి, ఆకు కట్టల లెక్కలో మోసం చేశారు. 1859లో రైతులు తిరగబడ్డారు, 1860లో ప్రభుత్వం కమిషన్ వేయాల్సొచ్చింది. అదే ఏడు దీనబంధు మిత్ర "నీల్ దర్పణ్" నాటకం అచ్చయింది. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందుని మార్కెట్లోకి తెచ్చింది. కొన్నేళ్ళలోనే మన నీలి వ్యాపారం కూలిపోయింది. అయినా 1917లో చంపారన్‌కి గాంధీ వెళ్ళేనాటికి బీహార్ రైతు మెడ మీద ఆ భారం ఇంకా ఉంది. ఒక రంగుని ఎవరు, ఏ కొలతతో తూచుతున్నారన్నది కొన్నిసార్లు తిండి గింజల సమస్య కూడా.

నా తప్పు అంత పెద్దదేమీ కాదు, ఒక మెయిలంతే. కానీ దాని పోకడ ఒకటే. తేలిగ్గా కొలవగలిగేదాన్ని రూలుగా రాసుకుంటాం, తర్వాత ఆ రూలునే విషయం అనుకుంటాం. పారిస్ జ్యూరీకి కథ కావాలి, అమూర్త సలోన్‌కి చుక్క కావాలి, నాకు సగం పిక్సెళ్ళు కావాలి. పనిచేసిన మనిషిని "ఇదేమిటండీ?" అని అడగడం మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ వారం స్క్రిప్టు మార్చాను. ఇప్పుడది ఎవరికీ మెయిలు పంపదు. "దీన్ని ఒక మనిషి చూడాలి" అని జాబితాలో పెడుతుంది, అంతే. ఫారంలో ఒక ప్రశ్న చేర్చాం: ఈ రంగు దేనితో వచ్చింది? జవాబులు చూడాలి మీరు! బాల్‌పెన్ను సిరా, పాత జీన్సు ముక్కలు, పెళ్ళినాటి పట్టుచీర అంచు, రాబిన్ బ్లూ. ఒకబ్బాయి "ఎంఎస్ పెయింట్, రెండో వరసలో నీలం" అని నిజాయితీగా రాశాడు. అవి చదవడం మొదలెట్టాక జ్యూరీ వాళ్ళకి ఒక్కో బొమ్మకీ ఇదివరకటి కన్నా రెండింతల టైము పట్టింది. నేనేమీ అనలేదు.

ఆవిడకి ఫోను చేసి క్షమాపణ చెప్పి, ఎంట్రీ తీసుకున్నామని చెప్పాను. "మరేం ఫర్వాలేదు బాబూ, కొత్తగా చూసినవాళ్ళంతా అంతే అంటారు" అన్నారు. ప్రదర్శనలో ఆ నాలుగు ఫొటోలూ వరసగానే పెట్టాం, ఆకుపచ్చతో మొదలుపెట్టి. బహుమతి వేరేవాళ్ళకి వెళ్ళింది. కానీ "ఇది నీలం థీము కదా, ఆకుపచ్చ ఎందుకు పెట్టారు?" అని జనం అడిగిన బొమ్మ మాత్రం అదే. అడిగిన ప్రతివాళ్ళకీ నేనే ఓపిగ్గా జవాబు రాశాను. నా నలభై లైన్ల కోడుకి పడిన శిక్ష అది.